తాత సంఘంలో కలిసిన పొద్దు

మా తాతకు బాప్తిస్మం కాకుండా ఏళ్ల తరబడి అడ్డుపడింది సైతాను కాదు, మా నాయనమ్మ.

ఇబ్రహీంపట్నంలో మా ప్రార్థన గుడికి తాటికమ్మలు కప్పిన నాటి నుంచీ తాత అందులోనే ఉన్నాడు. గోడలకు మట్టి మెత్తింది ఆయన, పాటలకు కంజీర కొట్టేది ఆయన. కానీ అయ్యగారు, అంటే మా పాస్టరు, ప్రభువు బల్ల సిద్ధం చేసి రొట్టె, ద్రాక్షరసం పంచే వేళకు తాత మెల్లగా లేచి బయటికి వచ్చేవాడు. వచ్చి, విడిచిన చెప్పుల పక్కన మా పిల్లలతో పాటు కూర్చునేవాడు. నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకోనివాళ్లకు ఆ బల్ల దగ్గర చోటు లేదు.

అయ్యగారు చాలా ఊళ్లకు ఒక్కరే. అందుకని మా ఊరి బాప్తిస్మాలు ఏడాదికొకసారి, క్రిస్మస్ నాడు పొద్దుపొద్దున్నే, పెద్ద చెరువులో జరిగేవి. ఎండాకాలంలో చేయమంటే నీళ్లు ఎక్కడికో లోపలికి పోయి ఉంటాయి, మనిషిని ముంచడం అటుంచి బురదలో పొర్లించాలి. తాతకేమో దమ్ము, ఉబ్బసం. చలి ముదిరిందంటే ఆయన ఛాతీలో పిల్లి పిల్లలు పెట్టినట్టు చప్పుడు.

"గా సల్లటి నీళ్లల్ల ముంచుతె దేవుని బల్ల కాడికి ఎందుకు పోతడు? సక్కగ దేవుని కాడికే పోతడు" అనేది నాయనమ్మ.

ఆమె చలిని దొంగలా చూసేది. తలుపు సందులోంచి వస్తుంది, చెవుల్లో దూరుతుంది, అరికాళ్ల మీదుగా ఎక్కుతుంది. దీపాలు పెట్టే వేళకే మా అందరి చెవులకూ గుడ్డలు కట్టేది. తాత ఛాతీకి వెల్లుల్లి వేసి కాచిన నూనె రుద్దేది, వీపుకు వేయించిన వాము మూటతో కాపడం పెట్టేది. కుంపటిని మాత్రం తలుపు ఓరగా తీసి ఉంటే తప్ప ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఒక చలికాలం కోళ్లు వణుకుతున్నాయని జాలిపడి, గూట్లో నిప్పుల చట్టి పెట్టి మూత బిగించిందట. తెల్లారి ఒక్క కోడీ కూయలేదు. "బొగ్గుల నిప్పు మంచిదే గని, తలుపు మూస్తె పానం తీస్తది" అని అప్పటి నుంచి కనిపించిన ప్రతి బాలింతకూ, ప్రతి ముసలిమనిషికీ చెప్పింది. ఆ మాట విని ఎందరు బతికి బట్టకట్టారో ప్రభువుకే తెలుసు. ఆ కోళ్లకు నేను ఇప్పటికీ వందనాలు చెప్పుకుంటాను.

ఇది పోలీసు చర్య జరిగిన యేటి సంగతి. దానికి ముందు, వానలు వెనకపట్టిన రోజుల్లో, రజాకార్లు వస్తున్నారని ఎవరో అరిస్తే మేమంతా ఒక పగలంతా జొన్నచేనులో దాక్కున్నాం. తాతకు దగ్గు తన్నుకొచ్చినప్పుడల్లా నాయనమ్మ ఆయన నోట్లో తువ్వాల కుక్కింది. దేవుని దయవల్ల అందరం ప్రాణాలతో ఇల్లు చేరాం. చేరగానే తాత గడప మీద కూలబడి అన్నాడు:

"నేను గా చేన్లనే సచ్చిపోతె ఏమైతుండె? లోపటి మనిషిని గాకపోతి. చెప్పుల కాడి మనిషిగనే పోదును. ఈ క్రిస్మస్‌కు మునుగుడే. నువ్వు అడ్డం పండుకున్నా మునుగుడే."

"మునుగు. తేలుడు సంగతి ఎవలు జూస్కోవాలె?" అంది నాయనమ్మ.

అన్నది కానీ, ఆ చెప్పుల మాట ఆమెకు తగిలినట్టుంది. ఈసారి వద్దనలేదు, బేరానికి దిగింది. డిసెంబరు మొదట్లో అయ్యగారు మా ఇంటికి రాగానే పట్టుకుంది.

"అయ్యా, పెద్ద గంగాళంల ఉడుకునీళ్లు కాస్త. గండ్లనే ముంచరాదా?"

"గంగాళంల ఈయన ఎట్ల పడ్తడు అవ్వా? కాళ్లు బయటనే ఉంటయి."

"కాళ్లు ఎండకాలం ముంచుండ్రి."

అయ్యగారు నవ్వు ఆపుకోవడానికి బైబిలు తెరిచారు. "గట్ల కాదవ్వా. పాత మనిషిని పాతిపెట్టినట్టు మొత్తం మునగాలె."

పాతిపెట్టడమన్న మాటతో ఆమె ఇంకా బెదిరిపోయింది.

క్రిస్మస్ నాడు తెలతెలవారుతుండగా బయలుదేరాం. మా అమ్మ గారెలకు పప్పు రుబ్బుతూ ఇంట్లోనే ఉండిపోయింది. అయ్యగారు, నాన్న, అదే మా బాపు, ప్రార్థన గుడివాళ్లు కొందరు, నేను, అందరం గొంగళ్లు ముసుగేసుకుని, మంచులో ఒకరి వెనక ఒకరం. తాత మీద రెండు గొంగళ్లు. నాయనమ్మ నెత్తిన మూట. చెరువు కట్ట ఎక్కేసరికి ఎదురుగా మంట, మంట చుట్టూ మిలటరీ సిపాయిలు. వాళ్లు కట్ట మీద కాపలా పెట్టిన సంగతి మాకు తెలియదు.

"కౌన్ హై?"

అందరం నిలబడిపోయాం. వాళ్ల వెంట తెలుగు మాట్లాడే పట్నపు కుర్ర గుమాస్తా ఒకడు ఉన్నాడు. తర్జుమా పని అతనిది.

"ఎవలు మీరు?" అన్నాడు.

తాత అందరికంటే ముందుకు వచ్చాడు. "మేం సంగపోళ్లం."

ఆయన అబద్ధం ఆడలేదు. నేను బడికి పోలేదు. బాపు వేలు పెట్టి చూపిస్తే బైబిలు వాక్యంలోనే అక్షరాలు నేర్చుకున్నాను. సంఘమంటే ప్రభువును నమ్మినవాళ్ల కూటమి అని ఆ వాక్యమే నాకు చెప్పింది. కానీ ఆ రోజుల్లో దొరల మీద తిరగబడి, గొంగడి కింద తుపాకి పెట్టుకుని గుట్టల వెంట తిరిగే కమ్యూనిస్టులను కూడా ఊళ్లలో సంఘపోళ్లనే అనేవారు. మిలటరీ వెతికేది వాళ్లనే. ఆ పేరు పడి ఇంటికి తిరిగి రానివాళ్లున్నారు.

తుపాకులు లేచాయి. సిపాయిలకు తెలుగు అర్థం కాలేదేమోనని తాత పట్నం బజారులో నేర్చిన ఉర్దూ తీశాడు.

"హమ్ సంగంవాలే, సాబ్! ఆజ్ మై సంగం మే మిల్తా. తలాబ్ మే డూబ్తా!"

ఇవాళ సంఘంలో కలుస్తాను, చెరువులో మునుగుతాను అని ఆయన ఉద్దేశం. సిపాయిలు ముఖముఖాలు చూసుకున్నారు. సంఘంలో కలిసిన రోజే చెరువులో పడి చస్తానని పళ్లికిలించి చెప్పే ముసలివాణ్ణి వాళ్లు అదివరకు చూసి ఉండరు.

"గొంగడి తియ్యి!" అన్నాడు గుమాస్తా. ఒక పొడుగాటి సిపాయి తుపాకి గొట్టంతో తాత గొంగడి అంచు ఎత్తబోయాడు.

నాయనమ్మ అడ్డం వచ్చింది. "తుపాకి ఉంటె ఉండనీ బిడ్డా, గొంగడి మాత్రం తియ్యం. ఆయనకు దమ్ము."

అప్పుడు ఆమె మూట విప్పించారు. పొడి పంచె, వాము, మిరియాలు, నూనె సీసా. పొడుగు సిపాయి సీసా మూత తీసి వాసన చూసి, వెల్లుల్లి ఘాటుకు ముఖం తిప్పుకున్నాడు.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "మేం ఆ సంగం కాదు నాయనా."

"మరి ఏ సంగం? ఎన్ని సంగాలున్నయి మీకు?"

"ఒకటే. లోకమంత ఒకటే సంగం."

గుమాస్తా ముఖంలో రంగు పోయింది. "మీ లీడరెవలు?"

"పైన ఉన్నడు" అంటూ అయ్యగారు చెయ్యెత్తి చూపించారు.

ఇద్దరు సిపాయిలు చటుక్కున గుట్ట వైపు తుపాకులు తిప్పారు.

"అయ్యగారూ, మీరు జర ఊకుండుండ్రి" అన్నాడు బాపు. పాస్టరుతో ఆయన అలా మాట్లాడటం నేను విన్నది అదొక్కసారే.

వాళ్ల పై అధికారి సుబేదారు వచ్చేదాకా కదలకూడదని మమ్మల్ని మంట పక్కన కూర్చోబెట్టారు. నాయనమ్మకు అంతకంటే ఏం కావాలి! మూసేందుకు తలుపు లేని చోట సర్కారు వారి మంట. తాత ముందు మంట, వెనక వాము మూట. సిపాయిల డబ్బాలోనే మిరియాల కషాయం కాచింది. ఆయన ఒళ్లంతా నూనె రుద్దింది, ఆరిపోతే మళ్లీ రుద్దింది. మంచు విడిపోయింది. ఎండ కట్ట మీదికి వచ్చింది. సుబేదారు రాలేదు.

అయ్యగారు యాచారం దారి వైపు చూస్తున్నారు. అక్కడివాళ్లు కూడా పండుగ ప్రార్థనకు ఆయన కోసం ఎదురుచూస్తుంటారు.

"పొద్దెక్కిపాయె" అన్నాడు తాత. "ఇగ ఈ యేడు గూడ చెప్పుల కాడనే."

అలా అని గొంగడి తల మీదికి లాక్కున్నాడు. నాయనమ్మ నూనె చెయ్యి ఆగిపోయింది. సంతోషపడాల్సిన మనిషి ఆయన్నే చూస్తూ కూర్చుంది.

సుబేదారు జీపు దిగగానే ఆమె ఎవరినీ అడగకుండా లేచి పోయింది.

"సాబ్! మా ముసలోన్ని ముంచనియ్యుండ్రి. ఏండ్లకేండ్లు నేనే ఆపిన. మీరు గూడ ఆపుతె ఆయన పానం ఊకుంటదా? గియ్యాల బడా దిన్ సాబ్. బడా దిన్!"

ఆ పెద్దమనిషికి అంత గోలలో ఆ చివరి మాటొక్కటే అర్థమైంది. వాళ్ల భాషలో క్రిస్మస్‌ను అలాగే అంటారు. ఆయన అయ్యగారి చేతిలో బైబిలు చూశాడు, తాత మీది నూనె చూశాడు, గుమాస్తాను పిలిచి మొత్తం మళ్లీ చెప్పించుకున్నాడు. లోకమంత సంఘం దగ్గరికి వచ్చేసరికి పొట్ట పట్టుకుని నవ్వాడు. నిజంగా మునుగుతాడో లేదో చూసి రమ్మని ఇద్దరు సిపాయిలను మా వెంట పంపాడు.

అప్పటికి నీళ్ల అంచు ఎండకు నులివెచ్చగా ఉంది. నాయనమ్మ ముందు తన చెయ్యి పెట్టి చూసి, తర్వాత మోచెయ్యి పెట్టి చూసి, "ఇగ పోనీయ్" అంది. అయ్యగారు నడుం లోతుకు దిగి, ప్రార్థన చేసి, తాతను వెనక్కి వాల్చారు. వాల్చడం వరకు బాగానే ఉంది. లేపబోతే చేతికి దొరికింది మనిషి కాదు, నూనె. తాత చేపలా జారి అడుగుకు పోయాడు. పైన బుడగలు. అయ్యగారు నీళ్లలో తడుముకుంటున్నారు.

పొడుగు సిపాయి బూట్లతోనే దూకేశాడు. తాతను చంకల కింద పట్టి పైకెత్తాడు. తాత కళ్లు తెరిచి, ఉమ్మి, అయ్యగారి వైపు చూశాడు.

"అయిందా?"

"అయింది తాతా" అన్నారు అయ్యగారు ఆయాసపడుతూ. "మస్తుగ అయింది."

నాయనమ్మ ఒక గొంగడి తాతకు చుట్టి, రెండోది వణుకుతున్న సిపాయికి చుట్టింది. "చెవులు మూస్కో కొడకా, చెవుల నుంచే వస్తది" అంటూ అతని చేతిలో కషాయం పెట్టింది. గట్టు మీది రెండో సిపాయి అతన్ని చూసి, "సంగంవాలా! సంగంవాలా!" అని కేక పెట్టి నవ్వాడు. ఆ దూకిన పిల్లవాడు ఏ తల్లి బిడ్డో నాకు తెలియదు. నా ప్రార్థనలో అతనికి ఇప్పటికీ చోటుంది.

మధ్యాహ్నానికి గుడిలో బల్ల సిద్ధమైంది. యాచారం వాళ్లు కొంచెం ఆగుతారులే అన్నారు అయ్యగారు. ఎప్పటిలా తాత లేవబోయాడు, బాపు భుజం పట్టి కూర్చోబెట్టాడు. రొట్టె ముక్క తిన్నాడు. ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసం గిన్నె ఆయన చేతికి వచ్చింది. గుడంతా నిశ్శబ్దం. చెప్పుల దగ్గర నుంచి నేను తొంగి చూస్తున్నాను.

ఆ నిశ్శబ్దంలో ఆడవాళ్ల వైపు నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"అయ్యా, అది సల్లగున్నదేమో. జర ఉడుకు చెయ్యరాదా?"

తాత గిన్నె వదల్లేదు. రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తాగాడు.

"సల్లగనే ఉన్నదే" అన్నాడు. "మంచిగున్నది."