ఉన్న అయస్కాంతం ఎటు పోయింది?

2024 ఏప్రిల్. నారాయణఖేడ్‌లో మా డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్. బయట ఎండ, లోపల నా బీపీ, రెండూ పోటీపడి పెరుగుతున్నాయి. ఆఖరి సంవత్సరం విద్యార్థిని సునీతకు ఆ రోజు లాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ. నెగ్గితే హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో రెండు నెలల ప్రాజెక్టు. లేకపోతే సొంతూరు సిర్గాపూర్ నుంచి అమ్మానాన్నలతో పాటు అదే హైదరాబాద్‌కు, ఇళ్లు కట్టే పనికి.

"ఎట్లైనా హైదరాబాదే మేడం. ల్యాబుకా, కూలీల అడ్డాకా అన్నదే తేలాలె" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ప్రాజెక్టు విషయం మాగ్నెటోఎలెక్ట్రిక్ కప్లింగ్. కొన్ని స్ఫటికాలు పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా ఊడివస్తాయి. ఒక్కో పొర మందం కొన్ని పరమాణువులంతే, అయినా అది అయస్కాంతమే. అలాంటి పొరల అయస్కాంత స్వభావాన్ని వోల్టేజీతో మార్చగలగడమే ఈ కప్లింగ్. నేను పదిహేను ప్రశ్నలకు ఇంగ్లీషులో జవాబులు రాసిచ్చి, వారం రోజులు బట్టీ పట్టించాను. మా దగ్గర పరీక్షలు గట్టెక్కేది అలాగే మరి.

మొదటి రెండు ప్రశ్నలకు జవాబులు గడగడా అప్పజెప్పింది. తెర మీద, ఇంటర్వ్యూ చేస్తున్న ప్రొఫెసర్ కళ్లద్దాలు సర్దుకున్నారు.

"ఒక పొర అయస్కాంతం. రెండు పొరలు కలిస్తే సున్నా అన్నావు. మరి ఉన్న అయస్కాంతం ఎటు పోయిందమ్మా? తెలుగులోనే చెప్పు."

అది నా పదిహేనులో లేదు! సునీత చటుక్కున లేచి వెళ్లిపోయింది. కొంప మునిగిందనుకున్నాను. చూస్తే, బీరువాలోంచి బార్ మాగ్నెట్ల పెట్టె, గుప్పెడు గుండుసూదులు పట్టుకొచ్చింది.

"ఎటూ పోలేదు సార్. ప్రాక్టికల్ అయినంక వీటిని జతగ పెడ్తం. ఒకదాని నార్త్ ఇటు, రెండోదాని నార్త్ అటు, చివర్లకు ఇనుప ముక్కలు. ఇగ గుండుసూదులను పెద్దగ గుంజవు. అట్లని అయస్కాంతం సచ్చిపోయిందా ఏంది? ముఖాలు ఉల్టా అయినయ్, గంతే!"

ఇనుప ముక్కలు తీసేసి, ఒక అయస్కాంతాన్ని తిప్పి, రెండింటినీ అదిమి పట్టింది. సూదులు టక్కున ఎగిరి అంటుకున్నాయి.

"ఈడ నేను చేత్తోని తిప్పిన. ఆడ, ఆ పొరలల్ల, గా పని వోల్టేజీ చేస్తది."

"భలే!" అన్నారాయన. "అన్ని పదార్థాల్లో కాదు, కొన్నిట్లోనే, అదీ బాగా చల్లబరిస్తే. మిగతాది ఇక్కడికొచ్చి చూద్దువుగాని."

కెమెరాకు కనబడకుండా పక్కన నిలబడ్డ నేను కొంగు నోట్లో కుక్కుకుని గంతులేశాను. యాభై ఏళ్ల దాన్ని!

"ఇది నీకెవరు నేర్పారు?" అని ఆయన అడిగారు.

"మా మేడమే సార్."

నా గంతులు ఆగిపోయాయి. నేనేం నేర్పాను? ఇరవై ఏళ్లుగా "పెట్టె సరిగ్గ సర్దకపోతే తోలు తీస్త" అని కసరడమే తప్ప, అలా ఎందుకు సర్దాలో ఒక్క బ్యాచ్‌కీ చెప్పిన పాపాన పోలేదు. ఆ పిల్ల తిట్లలోంచి కూడా ఫిజిక్స్ ఏరుకుంది.

మర్నాడు సెకండియర్ పిల్లల ముందు ఆ పెట్టె తెరిచాను. "ఇట్లెందుకు పెడ్తమో మీరే చెప్పుండ్రి" అన్నాను. గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు.