మార్కాపురానికి రాయొద్దు

సుబ్బులమ్మకు కోపమొస్తే గొర్రెల మందంతా మేత మానేసి తలెత్తి చూస్తుంది. ఇంక మనుషుల సంగతి చెప్పాలా! అయితే ఊరికే అరిచే మనిషి కాదు. అరిస్తే దానికో కారణం ఉంటుంది, ఆ కారణం తేలేదాకా వదలదు.

యర్రగొండపాలెం దాటి అడవి వైపు పోతే చిలకలమడుగు. చుట్టుపక్కల పల్లెలకు అక్కడి సర్కారు ఆసుపత్రే దిక్కు. సుబ్బులమ్మ మొగుడు రంగయ్యకు గొర్రెల దొడ్లో రక్తపింజరి కరిచినప్పుడు అది రెండు గదుల ఆసుపత్రి. పాముకాటు మందు సీసా ఒక్కటంటే ఒక్కటి లేదు. ఉన్న ఒక్క కుర్ర డాక్టరు చీటీ మీద మార్కాపురం పెద్దాసుపత్రి అని రాసి ఆటో ఎక్కించినాడు. రంగయ్య దారిలోనే పోయినాడు. శవాన్ని వెనక్కి తెచ్చినాక అతని తమ్ముడు గురుస్వామి పదిమందిని వెంటేసుకుని పోయి, ఆ డాక్టర్ని చొక్కా పట్టుకుని బయటికీడ్చి కొట్టినాడు. కిటికీలు, బల్లలు, ఏదీ మిగల్లేదు. వారం తిరక్కముందే డాక్టరు బదిలీ చేయించుకుని పోయినాడు.

తర్వాత గవర్నమెంటు కదిలింది. కదలక కదలక కదిలినా, కదిలిందనే చెప్పాల. కొత్త పాలసీ అన్నారు, ఆర్డర్లు అన్నారు. రెండు గదుల ఆసుపత్రి కాస్తా సామాజిక ఆరోగ్య కేంద్రమయింది. ముప్పై మంచాలు, మందులకు ఫ్రిజ్జు, కరెంటు పోతే ఇన్వర్టరు. పాముకాటుకు ముందు ఇక్కడే మందు ఎక్కించాలి, ఆ తర్వాతే ఎక్కడికైనా పంపాలి అని గోడ మీద ఇంత లావు అక్షరాలతో రాయించినారు. రాయించి ఏం లాభం? కొత్తగా వచ్చిన ప్రతి డాక్టరుకూ గురుస్వామి కొట్టిన కథ జాయినైన రోజే ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. ఇంకేముంది, పాము కరిస్తే మార్కాపురం, కాన్పు కాస్త కష్టమైతే మార్కాపురం, ఆయాసమొచ్చినా మార్కాపురం. పోయేవాళ్లు దారిలో పోనీ, మా మంచం మీద వద్దు. గోడ మీద ఏం రాసి ఉన్నా లోపల నడిచే పాలసీ ఇదీ.

అట్లాంటి రోజుల్లో, కందిచేలో కలుపు తీస్తున్న మల్లి పాదం మీద పాము కాటేసింది. మల్లి ఎవరో కాదు, ఆ గురుస్వామి కూతురే. పెళ్లీడు పిల్ల. గురుస్వామి మోటారుబండి తోలుతుంటే పిల్లను మధ్యలో కూర్చోబెట్టుకుని వెనక సుబ్బులమ్మ గట్టిగా పట్టుకుంది. ఆసుపత్రి చేరేసరికి కాలు మోకాలిదాకా ఉబ్బిపోయింది. "పెద్దమ్మా, చచ్చిపోతానా?" అంటుంది మల్లి. "నోరు ముయ్" అంది సుబ్బులమ్మ.

డ్యూటీలో ఉన్న డాక్టరు సుచరిత వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నర్సు ఎలీషబా పిల్ల రక్తం కొంచెం గాజు గొట్టంలోకి తీసి కదపకుండా నిలబెట్టింది. కాసేపటి తర్వాత వంచి చూస్తే గడ్డ కట్టలేదు, నీళ్లలాగా జారింది.

"విషం రక్తంలోకెక్కింది. అంబులెన్సు పిలుస్తా, మార్కాపురం తీసుకుపోండి" అంది డాక్టరు.

"ఫ్రిజ్జులో మందు లేదా?" అనింది సుబ్బులమ్మ.

"ఉంది."

"ఎక్కించడం నీకు రాదా?"

"వచ్చు."

"మరింక ఏంది తల్లీ?"

డాక్టరు కిటికీ వైపు చూసింది. బయట గురుస్వామి, వాడి వెనక కబురు విని పరుగెత్తుకొచ్చిన సగం ఊరు, చేతుల్లో కర్రలు. "ఈ మందు కొందరి ఒంటికి పడదమ్మా. ఎక్కిస్తుంటే వణుకు రావొచ్చు, ఊపిరాడకపోవచ్చు. దానికీ మందుంది, చూసుకోగలను. కానీ ఏదన్నా అయితే వాళ్లు నన్నేం చేస్తారో నాకు తెలుసు. ఇక్కడేం జరిగిందో నాకు చెప్పినారు" అంది.

సుబ్బులమ్మకు ఒళ్లు మండిపోయింది. ఈ పిల్ల డాక్టరు మీద కాదు. విసురుగా వరండాలోకి వచ్చింది.

"కర్రలు కింద పడేయండ్రా! గురుస్వామీ, ఆ రోజు మీ అన్నకు మందు లేదు. లేని మందు ఆ పిల్లోడు ఏడనుంచి తెస్తాడురా? మందు పంపనోళ్లను అడిగే దమ్ము నీకు లేదు, చేతికి దొరికినోణ్ణి తన్నినావు. ఇప్పుడు మందుంది, ఎక్కించే చెయ్యి వణుకుతుంది. ఆ వణుకు నువ్వు పెట్టిందే. ఇయ్యాల నీ కూతురు నెత్తి మీదికొచ్చింది."

సుబ్బులమ్మ వెనక్కి తిరిగి, వార్డు గడపకడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఎక్కించు తల్లీ. మార్కాపురానికి రాయొద్దు. పిల్ల బతికితే నీ చలవ, పోతే మా ఖర్మ. నీ మీద చెయ్యి పడాలంటే నన్ను తొక్కి రావాల."

డాక్టరు ఎలీషబాను మందు తెమ్మంది. సెలైన్ సీసాలో కలిపి మొదలుపెట్టినారు. కాసేపటికి అనుకున్నంతా అయింది. మల్లి ఒళ్లంతా దద్దుర్లు, మంచం కదిలేంత వణుకు. "చంపేస్తున్నారు నా బిడ్డను!" అని గురుస్వామి లోపలికి దూకినాడు. సుబ్బులమ్మ వాడి కాలు రెండు చేతులతో కరుచుకుంది.

"వదులు వదినా!"

"వదలనురా! ఆ చెయ్యి ఆగితే నీ కూతురు దక్కదు!"

వాడు ఈడుస్తున్నాడు, ఆమె గచ్చు మీద జారుతూనే పట్టుకుని ఉంది. లోపల డాక్టరు సీసా ఆపి, తొడకు సూది పొడిచి, పిల్ల ఊపిరి సర్దుకున్నాక మళ్లీ నిదానంగా మొదలుపెట్టింది. గురుస్వామి వదిన పక్కనే గడపలో కూలబడి, అన్న పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చినాడు. పొద్దు వాలేసరికి గాజు గొట్టంలో మల్లి రక్తం గడ్డ కట్టింది, పిల్ల గండం గట్టెక్కింది.

ఇక్కడితో ఆపితే వినేవాళ్లకు బాగుంటుంది. కానీ సుబ్బులమ్మ సంగతి తెలియాలంటే మరుసటి వానాకాలంలో జరిగింది కూడా చెప్పాల. అప్పటికి చిలకలమడుగులో పాముకాటుకు మందు ఎక్కించడం మామూలయింది. పక్క పల్లె నుంచి పాము కరిచిన నరేష్ అనే రైతును తెచ్చినారు. మంత్రం వేయించి, పసరు తాగించి, ఆఖర్న తెచ్చినారు. డాక్టరు చేయాల్సిందంతా చేసింది. అయినా అతను ఆ మంచం మీదే పోయినాడు.

అతని అన్నదమ్ములు రాళ్లు తీసుకుని వాకిట్లోకి వచ్చినారు. ఎలీషబా ఫోన్ చేస్తే సుబ్బులమ్మ మందను వదిలేసి పరుగెత్తుకొచ్చింది, వెనకాలే గురుస్వామి. వస్తూనే గడపకడ్డంగా నిలబడింది.

"నీ పిల్ల బతికింది కాబట్టి మాట్లాడుతున్నావు!" అని అరిచినాడు వాళ్లలో పెద్దవాడు.

"నా మొగుడు పోయినాడు కాబట్టి మాట్లాడుతున్నా!" అనింది సుబ్బులమ్మ. "బతికిన రోజు ఈ గడపకు నా కాపలా ఎందుకు? పోయిన రోజే కావాల."

ఒక రాయి వచ్చి ఆమె కనుబొమ మీద తగిలింది. రక్తం కంట్లోకి కారింది. గురుస్వామి ముందుకు దూకబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "నువ్వు తన్నిన తన్ను చాలు."

గురుస్వామి ఆగినాడు. ఆగి, వాళ్లతో మెల్లగా చెప్పినాడు. "నేనూ కొట్టినా. మా అన్న లేచి రాలేదు. ఆ తర్వాత ఎంతమందిని దారిలో చంపుకున్నామో."

సుబ్బులమ్మ కంట్లో రక్తం కొంగుతో తుడుచుకుని పెద్దవాడి ఎదురుగా పోయి నిలబడింది. "కొట్టు నాయనా. కానీ ఒక్క మాట చెప్పి కొట్టు. ఈ డాక్టరమ్మ భయపడి ఊరొదిలి పోతే, రేపు నీ తమ్ముడి పిల్లలకు పాము కరిస్తే ఏడికి తీసుకుపోతావు?"

అతని చేతిలో రాయి అట్లనే ఉంది. మార్కాపురం వైపు పోయే రోడ్డు చూసినాడు, వాకిట్లో పడి ఏడుస్తున్న తమ్ముడి పెళ్లాం వైపు చూసినాడు. రాయి గోడ పక్కన పెట్టి, తమ్ముణ్ణి తెచ్చుకోవడానికి తలొంచుకుని లోపలికి పోయినాడు.