రాజ్యలక్ష్మి గారి షోరూము

కొత్త కారు తలుపు తీయగానే ముక్కుకి తగిలే వాసన ఒకటుంటుంది. సీట్లకు చుట్టిన పాలిథిన్ కవర్లు, రబ్బరు మ్యాట్లు, ఇంకా దుమ్ము ఎరగని ఏసీ గాలి, అన్నీ కలిసిన వాసన. పోయిన నెల మా తమ్ముడు కారు కొనుక్కుంటానంటే తోడుగా వెళ్లాను. హైవే పక్కన అద్దాల మేడలా కట్టిన ఆ షోరూము ఒకప్పుడు నేను ఉద్యోగం చేసిన కుటుంబానిదే. బందరు రోడ్డు మీది పాత చోటు వదిలేసి అక్కడికి మారారు. కారు తలుపు తీసి ఆ వాసన పీల్చగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. నా వయసులో మంచి కాలమంతా ఆ వాసనలోనే గడిచింది మరి.

అప్పుడే గోడ మీది పెద్ద టీవీలో ఒక గంభీరమైన గొంతు మొదలైంది. సంస్థ చరిత్రట. ఆటోనగర్‌లో లారీల షెడ్డు ముందు పంచె కట్టుకుని నిలబడ్డ పెద్దాయన ఫోటో. తర్వాత కొడుకు ప్రసాదరావు గారు, కుర్చీలో. తర్వాత మనవడు కిరణ్, సూటులో చేతులు కట్టుకుని. తాతగారి కల, తండ్రిగారి కృషి, కుమారుడి దూరదృష్టి అని చెప్పి, సన్నాయి వాయించి, ముగించేశారు. మళ్లీ మొదలైంది. రెండోసారి కూడా కళ్లు ఆర్పకుండా చూశాను. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్లి, "రాజ్యలక్ష్మి గారి ఫోటో వేయలేదేంటమ్మా?" అని అడిగాను.

"ఎవరు మేడమ్ ఆవిడ? మన కస్టమరా?" అంది, పాపం, ఎంతో మర్యాదగా.

ఆ అమ్మాయి తప్పేముంది? తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. "ఏమైంది ఆపా?" అంటాడు వాడు. మా ఇళ్లలో అక్కని అలాగే పిలుస్తారు. కారు ఇంకెక్కడైనా దొరుకుతుంది, పద అన్నాను. ఇంటికి వచ్చినా ఆ మంట చల్లారలేదు. తండ్రిగారి కృషి! ఆ రోజుల్లో ఆ తండ్రిగారు షోరూముకి వచ్చేది విజయదశమి పూజకీ, కంపెనీ వాళ్లు విందు ఇచ్చినప్పుడూను. మిగతా కాలమంతా సినిమా పంపిణీ అంటూ మద్రాసులోనో, స్నేహితులతో క్లబ్బులోనో ఉండేవారు. ఆ షోరూముని నిలబెట్టింది ఆయన చెల్లెలు. ఆమె గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

పెద్దాయన లారీలు బాగుచేస్తూ పైకొచ్చిన మనిషి. జీపుల ఏజెన్సీ తెచ్చుకుని, దాన్ని కార్ల ఏజెన్సీ చేసుకునేసరికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. కొడుకుని పిలిస్తే ఇదిగో వస్తున్నా అదిగో వస్తున్నా అన్నారు. కూతురు రాజ్యలక్ష్మి గారు ఎవరూ పిలవకుండానే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. భర్త కాలేజీలో లెక్చరరు, నెమ్మదస్తుడు, అడ్డు చెప్పలేదు. తొంభైల్లో కొత్త కంపెనీలు దేశంలోకి వస్తున్నప్పుడు, పాత మోడల్ కార్లను నమ్ముకుంటే మునిగిపోతామని అందరికంటే ముందు పసిగట్టింది ఆవిడే. కొత్త ఏజెన్సీ కోసం మద్రాసులోని కంపెనీ ఆఫీసుకి ఒక్కరే వెళ్లారు. అక్కడి పెద్దమనుషులు ఆవిడ వెనకాల తలుపు వైపు చూస్తూ, "సార్ రాలేదా?" అని అడిగారట. "సార్ రారు. నాతోనే మాట్లాడాలి" అన్నారట ఈవిడ. ఈ సంగతి మాకు ఎన్నిసార్లు చెప్పినా, చెప్పినప్పుడల్లా ఆవిడ ముక్కుపుటాలు అదిరేవి.

నేను అక్కడ చేరేనాటికి డిగ్రీ అప్పుడే పూర్తయింది. మా నాన్న ఆటోనగర్‌లో కార్లకు సీటు కవర్లు కుట్టేవారు. వన్‌టౌన్ నుంచి ముస్లిం ఆడపిల్ల షోరూములో అమ్మకాల పనికి వెళ్లడం మా బంధువులకు మింగుడు పడలేదు. ఇంటర్వ్యూలో మేడమ్ నన్ను అడిగింది ఒకటే. "ఎవరైనా నీ మొహం మీద లేనిపోని మాట అంటే ఏం చేస్తావు షకీలా?" ఓర్చుకుంటానండీ అన్నాను, అదే మంచి జవాబు అనుకుని. "ఓర్చుకోవడానికి నీకు జీతమివ్వను. కార్లు అమ్మడానికి ఇస్తాను. రేపట్నుంచి రా" అన్నారు.

ఆ మాటకు అర్థం కొద్ది నెలల్లోనే తెలిసింది. ఉయ్యూరు వైపు కాంట్రాక్టరు ఒకాయన కారు తీసుకోవడానికి బంధుబలగంతో వచ్చారు. కారు గురించి చెప్పిందీ, టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లిందీ, ఆయనకు కావలసిన రంగు దొరికేదాకా కంపెనీ వెంటపడిందీ నేనే. పంతులుగారు బానెట్ మీద స్వస్తిక్ వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తాళాలున్న పళ్లెం పట్టుకుని నేను ముందుకు వచ్చాను. ఆయన చెయ్యి చాపలేదు. మేడమ్ వైపు తిరిగి, "ఏమనుకోకండమ్మా. శుభమా అని బండి తీసుకుంటున్నాం. ఆ అమ్మాయి చేత్తో ఎందుకు? మీరివ్వండి" అన్నారు.

మేడమ్ నవ్వుతూ సర్దేస్తారనుకున్నాను. వ్యాపారంలో అందరూ చేసేది అదే కదా.

"ఆ అమ్మాయి చేత్తో కాఫీ తాగారు కదండీ ఇందాక" అన్నారు మేడమ్.

"అది వేరు, ఇది వేరు కదమ్మా."

"నాకు వేరుగా కనపడట్లేదండీ. తాళాలు షకీలాయే ఇస్తుంది. వద్దనుకుంటే చెప్పండి, మీ చెక్కు మీకు ఇప్పించేస్తాను. బండి ఇక్కడే ఉంటుంది."

ఆయన మొహం కందగడ్డలా అయింది. చివరికి ఆయన భార్యే ముందుకు వచ్చి, "ఇలా ఇవ్వమ్మా" అని నా చేతిలోంచి తాళాలు తీసుకుంది. కారు వెళ్లిపోయాక మేడమ్‌కి కృతజ్ఞతలు చెప్పబోయాను. "నీకోసం చేశాననుకుంటున్నావా? నా షోరూములో నిలబడి ఎవరితో పని చేయించుకోవాలో నాకు చెప్తాడా ఆయన? ఒళ్లు మండింది" అన్నారు. మా ఇంట్లో కోపం మగవాళ్ల సొత్తు. ఆడదాని కోపం ఇంత శుభ్రంగా, ఇంత సూటిగా ఉంటుందని ఆ రోజే మొదటిసారి చూశాను.

రెండువేల సంవత్సరం దాటాక మనవడు కిరణ్ ఎంబీఏ ముగించుకుని వచ్చాడు. చురుకైనవాడే. చిన్నప్పుడు ఆవిడ ఒళ్లో కూర్చుని స్టీరింగు తిప్పినవాడు. వస్తూనే లెక్కలన్నీ కంప్యూటర్లో పెట్టించాడు, అత్తా అత్తా అంటూ ఆవిడ చుట్టూ తిరిగాడు. మేడమ్ ఎంత మురిసిపోయారో! "ఇక నేను కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు" అన్నారు మాతో.

ఆ తర్వాత ఒక ఏడు వానలకి బుడమేరు వాగు పొంగింది. రామవరప్పాడు దాటాక మాకో స్టాకుయార్డు ఉండేది. అమ్మకానికి సిద్ధంగా ఉన్న కొత్త కార్లు అక్కడే పెట్టేవాళ్లం. నీళ్లు వాటి సీట్ల దాకా వచ్చాయి. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే, తెల్లటి కార్ల లోపల నల్లటి బురద, కుళ్లిన గడ్డి. మేడమ్ ఒక్కో తలుపూ తీసి చూసి, "ఇవి కొత్తబళ్లుగా అమ్మడానికి లేదు. కంపెనీకి రాసేయండి" అన్నారు.

కిరణ్ తల అడ్డంగా ఊపాడు. "కడిగించి, కార్పెట్లు మార్చి, ఎండలో పెడితే సరిపోద్ది అత్తా. ఎవరికి తెలుస్తుంది?"

"వైర్లలో తడి ఊరికే పోదురా. లోపల్లోపల పచ్చగా తుప్పు పడతాయి. ఏ ఏడాదికో ఎవడో పిల్లల్ని ఎక్కించుకుని కాలవగట్టు మీద పోతుంటే లైట్లు ఆరిపోతాయి. అప్పుడు నువ్వెళ్లి టార్చి పడతావా?"

వాడు బూట్ల బురద దులుపుకుంటూ గేటు వైపు నడిచాడు. ఒప్పుకున్నాడనుకున్నాం. మేడమ్ భర్తకు ఆపరేషనై ఆవిడ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, ఆ మునిగిన కార్లలో ఒకదాన్ని శుభ్రంగా తుడిపించి పెడనలో ఒక చీరల వ్యాపారికి అమ్మేశాడు. మగ్గాల మీద మొదలుపెట్టి దుకాణం దాకా ఎదిగిన కుటుంబం వారిది. ఇంటిల్లిపాదికీ అది మొదటి కారు. నాకు ఈ సంగతి తెలిసిన పూటే ఆసుపత్రికి వెళ్లి మేడమ్‌కి చెప్పాను. మర్నాడు పొద్దున్నే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, షోరూములో ఉన్న అదే రకం కొత్త కారు స్వయంగా నడుపుకుంటూ పెడన బయల్దేరారు. దారంతా చెరుకు బళ్లు. ఆవిడ హారను కొడుతూనే ఉన్నారు.

ఆ ఇంటి ముందు కారుకి పూలదండ ఇంకా వాడలేదు. పిల్లలు దాని చుట్టూ ఆడుకుంటున్నారు. యజమాని వీరభద్రరావు గారు కుర్చీలు వేయించారు. మేడమ్ కూర్చోలేదు.

"మీకు మేము మునిగిన బండి అమ్మామండీ. ఇది వరదనీళ్లలో నానింది. నాకు తెలియకుండా జరిగింది గానీ, బోర్డు మీద మా నాన్న పేరుంది కాబట్టి తప్పు మాదే. కొత్తది తెచ్చాను. దీన్ని తీసుకుపోతాను."

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక లేచి నిలబడ్డారు. "నా మనవరాల్ని దీంట్లోనేనమ్మా గుణదల మాత కొండకి తీసుకెళ్లి మొక్కు తీర్చుకొచ్చింది! ఏవన్నా అయితే? చదువుకున్నోళ్లు, పెద్దింటోళ్లు, ఇలాంటి పనా చేసేది?" అని అరిచారు. వీధిలో జనం పోగయ్యారు. మేడమ్ తల దించుకోలేదు, అడ్డు చెప్పలేదు. ఆయన కోపం అయిపోయేదాకా నిలబడి విన్నారు. తర్వాత ఆయన భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి, తాళాలు మార్చుకుని, ఆ పాడైన కారులోనే మేమిద్దరం తిరిగి వచ్చాం.

ఆ సాయంత్రమే ప్రసాదరావు గారు షోరూముకి వచ్చారు. పూజ లేదు, విందు లేదు, అయినా వచ్చారు. కేబిన్ తలుపు తెరిచే ఉంది. మేమందరం విన్నాం.

"ఊరి మధ్యలో నిలబడి మన పరువు తీస్తావా? కుర్రాడి భవిష్యత్తు ఏంగాను?"

"వాడు చేసిన పని గురించి మాట్లాడు అన్నయ్యా."

"నువ్వు ఆడపడుచువి. పండక్కి రా, చీర పెడతాం, భోంచేసి వెళ్లు. వ్యాపారం మేం చూసుకుంటాం."

ఇన్నేళ్లుగా ఆ షోరూములో ఒక్కో ఇటుకా పేర్పించిన మనిషితో అన్న మాట అది! కాగితం మీద ఆవిడ పేరు ఎక్కడా లేదని అందరికీ తెలుసు. తండ్రి మంచంలో ఉండగా వాటా అడగడానికి ఆవిడకి నోరు రాలేదు. ఆ మొహమాటాన్ని వాళ్లు హక్కుగా మార్చుకున్నారు. వారం తిరక్కుండా కేబిన్ తలుపు మీద కిరణ్ పేరు వచ్చింది. మునిగిన మిగతా కార్లు ఒక్కొక్కటిగా యార్డులోంచి వెళ్లిపోయాయి. ఎవరింటికి చేరాయో నాకు తెలియనివ్వలేదు. అడిగినందుకు నన్ను అకౌంట్సు గదిలోకి మార్చారు. రాజీనామా ఇచ్చి వచ్చేశాను.

మేడమ్ గుణదలలో ఇంటి ముందు ఒక పాత కారు పెట్టుకుని ఆడవాళ్లకు డ్రైవింగు నేర్పడం మొదలుపెట్టారు. టీచర్లు, నర్సులు, పెళ్లి కుదిరిన పిల్లలు వచ్చేవారు. నాకు క్లచ్ వదలడం సరిగ్గా నేర్పింది అప్పుడే. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మీకు కోపం రాదా మేడమ్?"

"ఎందుకు రాదే? పొద్దున కళ్లు తెరవగానే వస్తుంది. పళ్లు తోముకున్నంతసేపూ మా అన్నయ్యని తిడుతూనే ఉంటాను. ఆనక పిల్లలు వస్తారుగా, వాళ్లు బండి గోడకి గుద్దకుండా చూసుకోవాలి" అన్నారు. మేమిద్దరం కడుపుబ్బ నవ్వాం.

ఆవిడ పోయినప్పుడు పేపర్లో పెద్ద ప్రకటన వేయించారు. ప్రసాదరావు గారి సోదరి, కిరణ్ గారి మేనత్త అని రాశారు. ఆవిడ ఏం చేసేవారో మాత్రం రాయలేదు. నివాళికి షోరూము కార్లు వరసగా వచ్చి ఆ చిన్న వీధి నిండా నిలబడ్డాయి. డ్రైవింగు నేర్చుకున్న ఆడవాళ్లు లోపలికి రావడానికి దారి లేక ఎండలో నిలుచున్నారు.

ఇప్పుడు నేనూ మా ఆయనా ఆటోనగర్‌లో పాత కార్ల కొట్టు నడుపుతున్నాం. మొన్న ఒక కుర్రాడు భార్యతో వచ్చి ఎర్ర కారు ఒకటి ఇష్టపడ్డాడు. వెనక డోరు ఒకసారి గుద్దుకుందనీ, రేకు మార్పించామనీ చెప్పాను. వాళ్లు మొహాలు చూసుకుని వెళ్లిపోయారు. "అడక్కుండానే ఎందుకు చెప్తావు?" అని మా ఆయన విసుక్కున్నారు.

"అడగడం వాళ్లకి తెలీదు కాబట్టి" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది. పక్క కొట్టువాళ్లు తొంగి చూశారు. చూడనీ.