ర్యామ్ మార్చింది నేనే

మాచర్ల నుంచి వస్తున్న బస్సులో, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని మాటిమాటికీ బటన్ నొక్కుతున్నాను. ముందురోజు కొత్త ర్యామ్ నేనే వేశాను. అప్పటినుంచి తెర వెలగలేదు, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తున్నాను. ఆరునెలల పనంతా అందులోనే ఉంది.

పక్కసీటులో బురఖా వేసుకున్న ఆవిడది నరసరావుపేటలో కంప్యూటర్ రిపేరు షాపట.

"నేనే విప్పానంటే వారంటీ పోద్దా అక్కా? చెప్పకుండా దాచేద్దామనుకుంటున్నా" అన్నాను.

"ర్యామ్ మార్చినంత మాత్రాన చానావాటికి పోదమ్మా. విప్పేటప్పుడు ఏదన్నా ఇరిగితే మాత్రం ఆ ఖర్చు నీదే."

గురజాలలో బస్సు ఆగగానే స్క్రూడ్రైవర్ తీసి వెనక మూత విప్పింది. ర్యామ్ గుచ్చేచోట సన్నటి బీట చూపించింది.

"ఇది నీ చేతి పనే. దాస్తే ఏంది లాభం? వాళ్ళు చూడంగానే తెలిసిపోద్ది."

తర్వాత ఒక్కో స్క్రూ మెల్లగా బిగించి ఇచ్చింది.

సర్వీస్ సెంటర్‌లో వాళ్ళు అడక్కముందే చెప్పేశాను. వారంటీ వర్తించదన్నారు. ఫైళ్ళు మాత్రం దక్కాయి. ఆ రోజంతటిలో నేను కుదురుగా కూర్చున్నది అప్పుడే.