మా చెల్లెలి మోకాలి కింది వాలు

ఈ రోజు మా చెల్లెలు భారతిని తిరువళ్ళూరులో ఎముకల డాక్టరుకు చూపించాం. కబడ్డీ ఆడుతూ ఒకే మోకాలిలో లిగమెంటు రెండోసారి తెంచుకుంది. పొదటూరుపేట నుంచి బస్సులో వచ్చినంతసేపూ అమ్మ దాన్ని తిడుతూనే ఉంది, ఆడపిల్లకు అంత దూకుడేమిటని.

డాక్టరు పక్కనుంచి తీసిన ఎక్స్‌రే చూపించాడు. మోకాలి కింది ఎముక పైభాగం అందరికీ కొంచెం వెనక్కి వాలి ఉంటుందట. భారతికి ఆ వాలు బాగా ఎక్కువ. అందుకే కాలు గట్టిగా మోపినప్పుడల్లా ఎముక ముందుకు జారబోతుంది, దాన్ని ఆపే భారమంతా లిగమెంటు మీద పడుతుంది.

"అయితే తప్పు నాది కాదు గదా సార్?" అంది భారతి.

"ఎముక తీరే అంతమ్మా. ఇంట్లోవాళ్ళ పోలిక కూడా కావచ్చు."

భారతి అమ్మ వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ నన్ను తిట్నావే, ఇది నువ్వు ఇచ్చిందేమో."

ఈసారి లిగమెంటు సరిచేయడంతో పాటు ఎముకను కాస్త కోసి వాలు కూడా తగ్గిస్తామన్నాడు డాక్టరు. అమ్మ ముందుకు వంగి అడిగింది.

"వాలు సరిచేస్తే బిడ్డ మళ్ళా ఆడొచ్చునా సార్?"

ఓపికగా వ్యాయామం చేస్తే ఆడొచ్చన్నాడు. భారతి నోరు తెరుచుకుని అమ్మనే చూసింది.

తిరుగు బస్సులో అమ్మను అడిగాను, ఆడనిచ్చేదానివి ఎందుకు తిట్టినావని.

"కాలు పోతాదని తిట్టినా. కాలు బాగుంటే ఆడుకోనీ, నాకేమి?"

మీ ఇళ్ళలో అమ్మలూ ఇంతేనా?