గిద్దలూరులో ఖాదర్ చాచా సాక్ష్యం

గుంటూరులో తెల్లవారుజామున రైలెక్కాను. ఒక ఎడారి దేశపు పాత యుద్ధంలో విషవాయువు ప్రయోగించారు. దానికి ముడిసరుకు అమ్మిన విదేశీ కంపెనీ మీద బాధితులు దావా వేశారు. వాళ్ల తరఫు లాయర్లలో నేనొకదాన్ని. మా సాక్షి ఖాదర్ వలి చాచా గిద్దలూరులో ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు ఆ దేశపు రేవు గోదాములో డ్రమ్ములు దించాడు.

వినుకొండ దాటాక మంచు కమ్మింది. ఎదురుగా కూర్చున్న మార్కాపురం పలకల వ్యాపారి నా పనేమిటో విని, "సరుకమ్మినోడికేం సంబంధమమ్మా? నేనమ్మిన పలక మీద ఎవురేం రాస్తారో నాకేం ఎరుక?" అన్నాడు.

"ఏం రాస్తారో తెలిసే అమ్మితే?"

ఆయన మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగేదాకా మంచులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత కొండలు నీలంగా, బరువు లేనట్టు, రైలుతోపాటే కదిలాయి. నిద్రో మెలకువో తెలియలేదు. అటు వెళ్లేవాళ్లు పగటి బండే ఎక్కండి.

గిద్దలూరు స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆటోలో చాచా ఇంటికి వెళ్లాను. చాచా భార్య ముంతాజ్ మధ్యాహ్నం అన్నం, కుర్మా పెట్టింది. కుర్మాలో వెల్లుల్లి లేదు. "ఆ గ్యాసుది వెల్లుల్లి వాసనంట. నికా అయినకాడ్నించి ఇంట్లోకి తేలేదు," అంది. ఆపైన గొంతు తగ్గించి, "అయన్నీ మళ్లా తలుచుకుంటే ఈయనకి ఊపిరాడదు. వద్దులేమ్మా," అంది.

చాచా విననే విన్నాడు. "కంపెనీని జైల్లో ఎయ్యొచ్చునా?" అని అడిగాడు.

"అంతర్జాతీయ నేరాల కోర్టు మనుషుల్నే విచారిస్తుంది చాచా, కంపెనీల్ని కాదు. అందుకే కంపెనీ సొంత దేశపు కోర్టుకే వెళ్లాం. తెలిసే అమ్మారని రుజువు కావాలి."

చాచా కంచం పక్కకు జరిపాడు. "షబీర్ నా జోడీ. ఇద్దరం ఒకే డ్రమ్ము మోసేటోళ్లం. గాలి తిరిగి గ్యాసు మా మీద పడినప్పుడు పోయినాడు. వాణ్ని నేనే పూడ్చినా. చెప్తా."

అన్నాలయ్యాక, నేను తెచ్చిన కంప్యూటర్ తెర మీద కంపెనీ దేశపు కోర్టు కనిపించింది. కంపెనీ లాయరు అడిగిన మాటను దుబాసీ తెలుగులో చెప్పింది: "ఆ సరుకు పురుగుమందుకని మీకు చెప్పారు కదా?"

"చెప్పినారు. గ్యాసు పడి షబీర్ పోయినాక ఆ కంపెనీ ఇంజినీరు వచ్చినాడు, మూతికి మాస్కు కట్టుకొని. మావోళ్లు కళ్లు కనపడక ఆస్పత్రిలో పడుంటే సూసినాడు. సూసి, ఇంకో ఓడ సరుకు ఎప్పుడు దించుకుంటారని అడిగినాడు."

దుబాసీ ఆ మాటను వాళ్ల భాషలో చెప్పింది. లాయరు తన ప్రశ్నలు అయిపోయాయన్నాడు. దగ్గుతున్న భర్త వీపు నిమురుతూ ముంతాజ్ అలాగే నిలబడింది.

సాయంత్రం బండెక్కాను. కొండలు చీకట్లో కరిగిపోతున్నాయి. తీర్పుకు ఏళ్లు పట్టవచ్చు. కానీ మాస్కు కట్టుకొచ్చిన మనిషి అడిగిన మాట ఇప్పుడు వాళ్ల కోర్టులో, వాళ్ల భాషలోనే నమోదై ఉంది. తేలికగా, తేలుతున్నట్టుగా అనిపించింది.

బండి కంభంలో ఆగినప్పుడు చాచా ఫోను.

"తల్లీ, షబీర్ పేరు రాసుకున్నారా వాళ్లు?"

"రాసుకున్నారు చాచా."

"వాడి ఊరు చెప్పడం మరిచినా. కంభమని రాపియ్యి."

కిటికీలోంచి ప్లాట్‌ఫాం మీది పసుపుపచ్చ బోర్డు చూశాను. "రాయిస్తాను," అన్నాను.