ఇసుక డబ్బా కట్టిన కొబ్బరిచెట్టు

మా బావగారి రేడియో కేబులు కోసింది ఈ వీధివాళ్ళే, మీలో ఒకరు. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు, ఇది చదువుతున్న ఆ చెయ్యిగలాయనకీ తెలుసు. పేరు రాయను. అది నా మంచితనం కాదు. "పేరెందుకులేవోయ్, వాళ్ళ టీవీలో గీతలు పడ్డ మాట నిజమేగా" అని ఆయన అప్పట్లోనే నా నోరు నొక్కేశారు. ఇప్పుడు నొక్కడానికి ఆయన లేరు. కిందటి వారం పొద్దున్నే పళ్ళు తోముకుంటూ గుండె పట్టుకుని కూలబడ్డారట, అంతే. రాజమండ్రిలో ఉన్న నాకు అక్కయ్య ఫోన్ చేసి "మీ బావగారు వెళ్ళిపోయార్రా" అంది. ఆ వెంటనే, "వస్తే రా గానీ వీధిలో ఎవరితోనూ పోట్లాడకు" అంది. మా ఇంట్లో నాకున్న గౌరవం అది.

ఆయన ఆ గదిలో ఏం చేసేవారో మీలో చాలామంది ఎన్నడూ అడగలేదు గనక నేనే చెబుతున్నాను. ప్రభుత్వం పెట్టే పరీక్ష ప్యాసయి లైసెన్సు తెచ్చుకుంటే, ఇంట్లోని సొంత సెట్టుతో ఏ దేశం వాళ్ళనైనా పలకరించవచ్చు. హామ్ రేడియో అంటారు. వాళ్ళకి పోటీలున్నాయి. మా బావగారు దిగేది నోటితో మాట్లాడని పోటీల్లోకి. ఇక్కడ కంప్యూటర్లో కొట్టిన అక్షరం హెచ్చు గొంతు, తగ్గు గొంతుల కూతగా మారి ఆకాశంలోకి పోతుంది. అవతలి కంప్యూటరు ఆ కూతను మళ్ళీ అక్షరాలు చేస్తుంది. ఒక శని, ఆదివారాల్లో ఎవరు ఎక్కువమందిని, ఎక్కువ దేశాలని పట్టుకుంటే వాళ్ళది గెలుపు. చెప్పుకునేదల్లా ఒకటే. మీ సిగ్నల్ ఐదు తొమ్మిది తొమ్మిది, అంటే దివ్యంగా ఉంది. నా లెక్కలో మీరు ఫలానా నంబరు వారు. అందిందా? అందింది. ధన్యవాదాలు. ఇక ఇంకొకరు.

ఆ గది పూర్వం కొబ్బరికాయలు పోసుకునే కొట్టు. ఎవరో వాడేసిన జపాన్ సెట్టు, ముసలి కంప్యూటరు, ఆ రెండింటి మధ్య ఒకదాని రొద ఇంకోదానికి పాకకుండా ఆయన చేతులతో ఆయనే అతికిన చిన్న డబ్బా. మామూలుగా మాట్లాడితే మాటకీ మాటకీ మధ్య సెట్టు కాస్త ఊపిరి తీసుకుంటుందట. ఈ కూత పద్ధతిలో తీసుకోదు, పంపినంతసేపూ కాలుతుంది. అందుకని ఆయన సగం పవరే వాడేవారు. టేబుల్ ఫ్యాను సెట్టు వీపుకి పెట్టి, తాను బనీను తడుపుకుంటూ కూర్చునేవారు. "నాకు లేని ఫ్యాను దానికి" అనేది అక్కయ్య. అంటూనే తన బొట్టుబిళ్ళలు ఇచ్చింది. కీబోర్డు మీద పిలుపు మీటకి ఎర్రది, నంబరు పంపే మీటకి పచ్చది, ధన్యవాదాల మీటకి నల్లది.

ఇక తీగ, అంటే సెట్టు ఏరియల్. ఒక కొస పెరట్లో చెట్టుకి, రెండో కొస వీధిలో పంచాయతీ స్థలంలో ఉన్న చెట్టుకి. కాయల దింపు తీయడానికి మనిషి చెట్టెక్కినప్పుడే పైన పని చేయించేవారు. కొబ్బరిచెట్లు ఊరికే నిలబడవు, గాలికి ఊగుతాయి. రెండు చెట్లూ చెరో వైపు ఊగితే తీగ తెగిపోతుంది. అందుకని వీధి చెట్టు మీద చిన్న కప్పీ పెట్టి, తీగ కొసకి ఇసుక నింపిన రంగు డబ్బా వేలాడదీశారు. చెట్లు ఊగితే డబ్బా పైకీ కిందికీ కదులుతుంది, తీగ మాత్రం క్షేమం. మీలో కొందరు ఆ డబ్బా చూసి దిష్టికి కట్టుకున్నారనుకున్నారు.

ఒక ఆదివారం నేను కడుపుమంట ఆపుకోలేక అడిగాను. "ప్రపంచం ఇలా తగలబడుతుంటే దానికి ఐదు తొమ్మిది తొమ్మిది ఇస్తున్నారా బావగారూ?"

ఆయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "మొన్న పత్రికలో ఏదో రాశావటగా. ఎంతమందికి అందిందోయ్?"

"పత్రిక అందరికీ వెళ్తుందండి."

"వెళ్ళడం వేరు. అవతలివాడు 'అందింది' అనాలి. అననిదే మా లెక్కలో నువ్వు పంపనట్టే."

కాఫీ తెచ్చిన అక్కయ్య, "పాపం వాణ్ణెందుకండీ ఏడిపిస్తారు, వాడికీ ఓ ఐదు తొమ్మిది తొమ్మిది ఇచ్చెయ్యండి" అంది.

నాది అసూయే. దాచుకోవాల్సిన పనేముంది? పాతికేళ్ళుగా రాస్తున్నాను. కరపత్రాలు, వ్యాసాలు, సంపాదకులకి ఉత్తరాలు. కౌలు రైతు గురించి రాశాను, ఉప్పాడలో సముద్రం మింగిన ఇళ్ళ గురించి రాశాను. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అందిందని అన్నారా? తిట్టినా సంతోషించేవాణ్ణి. నాలుగెకరాల కొబ్బరితోట ఉన్న ఈయన, ఒక అభిప్రాయమైనా లేకుండా ఎర్రబొట్టు నొక్కితే ఫిన్లాండు పలికేది, జపాను పలికేది. రెండు దేశాలు ఒకేసారి పిలిస్తే "ఉండండయ్యా, ఒక్కొక్కరూ" అని తెరతో నవ్వుతూ అనేవారు. ఆ నవ్వు చూడలేక నేను పెరట్లోకి పోయేవాణ్ణి.

పోటీ అయ్యాక అందరి జాబితాలూ సరిపోలుస్తారు. ఆయన రాసుకున్నదీ అవతలివాళ్ళు రాసుకున్నదీ కలవకపోతే ఆ పలకరింపు కొట్టేస్తారు. అంచేత అక్షరం అనుమానంగా వస్తే మళ్ళీ అడిగేవారు, అప్పటికీ తేలకపోతే వదిలేసేవారు. విననిదాన్ని విన్నానని రాసుకోకపోవడం. మన సభల్లో, మన పత్రికల్లో, నాతో సహా, ఈ నియమం ఎవరికుంది?

మీరు కేబులు కోసింది కూడా అలాంటి ఆదివారమే. టీవీలో సినిమా వస్తోంది, ఆయన సెట్టు కూతకి మీ తెర మీద గీతలు. ఆ కత్తికి యానాం వెళ్ళి తాగొచ్చిన ధైర్యమో, సొంత ధైర్యమో నాకు తెలియదు. బావగారి తెర మీద అక్షరాలు టక్కున ఆగిపోయాయి. ఆయన బయటికి వచ్చి, తీగ నుంచి సెట్టుకి వచ్చే కేబులు గోడవారగా తెగి వేలాడటం చూసి, మంచం కింద ఇలాంటి రోజు కోసమే దాచిన ముక్క తీసి అతికి, మళ్ళీ కూర్చున్నారు. పోలీసు కేసు పెడదామన్నాను, కరపత్రం వేస్తానన్నాను. తర్వాతి వారం ఆయన ఇంటింటికీ తిరిగి మీ టీవీల తీగలకి రొదని ఆపే నల్లటి రింగులు తొడిగి వచ్చారు. గీతలు పోయాయి. మీరు కాఫీలు పోశారు. నా కరపత్రం అచ్చు కాలేదు. అది కూడా నాకు మంటే.

ఇప్పుడు మీరు వీధి మొదట్లో స్మారక ద్వారం కడతారట, "తుపాను వీరుడు" అని పేరు చెక్కిస్తారట. సంతాప సభలో విన్నాను. తుపానుకి ఫోన్లన్నీ చచ్చిపోతే ఆయన సెట్టు ఒక్కటే బతికి ఉన్న మాట నిజం. మీరంతా ఆయన అరుగు మీద కూర్చుని మీవాళ్ళ కబుర్లు పంపించుకున్నారు. కానీ ఆ సెట్టు ఆ రోజు ఎందుకు బతికుందో ఒక్క వక్తా చెప్పలేదు. మీరు పిచ్చి అన్న ఆ ఆదివారాల వల్ల. ఆట కోసం బ్యాటరీ నింపుకుని, ఆట కోసం తీగ సరిచూసుకున్న మనిషి కాబట్టి. ద్వారం కోసం మీరు కొట్టబోయేది ఏ చెట్టు? డబ్బా ఉన్న ఆ వీధి చెట్టే. ఆయన పేరు పెట్టడానికి ఆయన తీగ తెంపుతారు.

నిన్న పోస్ట్‌మాన్ కార్డులు తెచ్చాడు, పలకరింపు అందిందనడానికి గుర్తుగా వాళ్ళు పంపుకునేవి. పోయినాయన పోయిన సంగతి తెలియని దేశాల నుంచి. అక్కయ్య ఒకటి చేతికిచ్చి "ఏం రాశార్రా?" అంది.

"మీ సిగ్నల్ బాగా అందింది, ధన్యవాదాలు అని."

తలూపింది. తర్వాత, "ఆ లైసెన్సు పరీక్షకి దరఖాస్తు ఎక్కడిస్తార్రా?" అంది.

ఆ కుర్చీ నాకే వస్తుందని లోపల్లోపల అనుకుంటున్నాను. "నీకెందుకక్కా, నేను రాస్తాలే" అన్నాను.

"నీకెలా కుదురుతుందిరా, నువ్వు అవతలివాళ్ళని మాట పూర్తి చెయ్యనివ్వవు. ఆ కూత వింటే ఎవరు సరిగ్గా ఉన్నారో, ఎవరు పక్కకి జరిగారో ఇన్నేళ్ళూ వంటింట్లోంచే చెప్పేదాన్ని. మీ బావగారు నన్నడిగే సెట్టు నాబ్ తిప్పేవారు."

మళ్ళీ అసూయ. ఈసారి అక్కయ్య మీద.

అందుచేత అడుగుతున్నాను.

వీధి చెట్టు కొట్టకండి.

ద్వారం కావాలంటే ఇంకోచోట కట్టుకోండి, అసలు కట్టకపోయినా ఆయన ఏమీ అనుకోరు.

వీరుడు అనకండి. ఆడేవారు అనండి.

అక్కయ్య లైసెన్సు తెచ్చుకున్నాక మీ టీవీలో గీతలు పడితే, కత్తి తీయకుండా వచ్చి తలుపు కొట్టండి.

కేబులు కోసినాయన ఒక్కసారి ఆ ఇంటికి వెళ్ళండి. ఏమీ చెప్పక్కర్లేదు, కాఫీ తాగి రండి.

ఇది చదివినవాళ్ళు, ఒప్పుకోకపోయినా సరే, అందిందని నాకొక ముక్క రాయండి.

ఈ సాయంత్రం గోదావరి మీంచి గాలి వస్తోంది. చెట్లు ఊగుతున్నాయి, డబ్బా పైకి వెళ్తోంది, కిందికి వస్తోంది. దాన్ని అలాగే ఉండనివ్వండి.